ఫోన్‌లో బెదిరిస్తే రాసింది తీసెయ్యాలా?

ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగిని. తీరికవేళల్లో తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను. మన తీరంలోని ఒక నౌకాదళ స్థావరం గురించి పత్రికల్లో వచ్చిన వివరాలతో వ్యాసం పెట్టాను. మొన్న పోలీసులమంటూ ఒకరు ఫోన్ చేసి, "రేపు స్టేషన్‌కొచ్చి మా ముందే తీసెయ్, లేదంటే దేశద్రోహం కేసు" అన్నారు. కాగితమేమీ ఇవ్వలేదు. ఇంట్లో వాళ్లు తీసేసి గొడవ వదిలించుకోమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఫోన్‌కి భయపడి తీసెయ్యకండి. ముందు అది నిజంగా స్టేషన్ నుంచి వచ్చిందో లేదో కనుక్కోండి, పోలీసుల పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్లు ఎక్కువైన రోజులివి. నిజమే అయితే కాగితం అడగండి. సాక్షిగా పిలవాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ చోట వచ్చిన చట్టం) సెక్షన్ 179 కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. మీ మీదే అనుమానమైతే 35(3) కింద నోటీసివ్వాలి. దాన్ని వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసు చేతికొచ్చాక మాత్రం ఎగ్గొట్టకండి. పిలిచినా రాలేదన్నదే అరెస్టుకు కారణమవుతుంది.

దేశద్రోహం మాట భయపెట్టడానికే. పాత శిక్షాస్మృతిలోని దేశద్రోహం సెక్షన్ 124ఏ ఇప్పుడు లేదు. దాని చోట వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 152 వేర్పాటువాదం, సాయుధ తిరుగుబాటు వంటివాటిని రెచ్చగొట్టేవారి కోసం. నాకు అనుమానమున్నది 1923 నాటి అధికార రహస్యాల చట్టం గురించి. వ్యాసంలో ఫొటోలున్నాయా? ఎవరు తీశారు? బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర తీసింది వేరు, నిషేధిత స్థలం గోడ అవతలికి జూమ్ చేసి తీసింది వేరు. రెండోదైతే రక్షణ స్థావరాల విషయంలో 14 ఏళ్ల దాకా శిక్ష ఉంది. చెడు ఉద్దేశాన్ని పరిస్థితులను బట్టి కోర్టు ఊహించుకోవచ్చు కూడా. అలాంటి ఫొటో ఉంటే నాకు ఉత్తరం రాయడం ఆపి ఈ రోజే వకీలును కలవండి. పత్రికల్లో అచ్చయినదే మీరు రాస్తే, ప్రతి వాక్యానికీ ఆధారమైన క్లిప్పింగు తేదీతో సహా తీసిపెట్టుకోండి.

అసలు ప్రభుత్వానికి అభ్యంతరముంటే దారి ఉంది. ఐటీ చట్టం 69ఏ కింద కేంద్రం ఆ పేజీని నిలిపేయించవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు. ఆ ఉత్తర్వు వెళ్లాల్సింది వికీపీడియాను నడిపే సంస్థకి, మీకు కాదు. కానీ ఆ సంస్థ అమెరికాలో ఉంది, మీరు ఎంవీపీ కాలనీలో ఉన్నారు. వత్తిడి మీ మీద పడడానికి కారణం అంతే.

2013లో ఫ్రాన్సులో ఇదే జరిగింది. ఒక సైనిక రేడియో కేంద్రం మీదున్న వ్యాసం తీసెయ్యమని అక్కడి గూఢచార సంస్థ పట్టుబట్టింది. అందులో ఏది రహస్యమో చెప్పమంటే చెప్పలేదు. చివరికి ఒక వాలంటీరును పిలిపించి, నిర్బంధిస్తామని బెదిరించి, తమ ఎదుటే తీయించారు. ఆ వ్యాసం రాసింది ఆయన కూడా కాదు! స్విట్జర్లాండ్‌లోని ఇంకో వాలంటీరు దాన్ని తిరిగి పెట్టేశారు. కొన్నాళ్లు ఫ్రెంచి వికీపీడియాలో అందరికన్నా ఎక్కువమంది చదివిన పేజీ అదే అయింది. మీరు ఖాళీ చేసినా అంతే, పాత కూర్పు చరిత్రలో ఉంటుంది, ఎవరైనా వెనక్కి తెస్తారు. పైగా సాక్ష్యం మాయం చేశారని మీమీదే మరో మాట పడొచ్చు.

స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తే వకీలును వెంట తీసుకెళ్లండి. దర్యాప్తులో మీరిచ్చిన వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు, సురక్షా సంహిత సెక్షన్ 181 ఆ మాటే చెబుతోంది. "తప్పయింది, తీసేస్తాను" అని రాసిమ్మంటే అసలు ఒప్పుకోకండి. ఎఫ్ఐఆర్ కట్టినట్టు తెలిస్తే అదే సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలుకు సెషన్స్ కోర్టుకు వెళ్లవచ్చు. ఫీజుకు ఇబ్బందైతే 15100కి ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థ సాయం మీకు వర్తిస్తుందేమో అడగండి. ఆ ఫోన్ వచ్చిన నంబరు, తేదీ, సమయం, అవతలివాళ్లన్న మాటలు మరిచిపోకముందే ఈ రాత్రికే రాసిపెట్టుకోండి.