తేలికపాటి వసారా కప్పుకు దూలమెంత, వాసమెంత?

ప్రశ్న: ఇంటి గోడకు ఆనుకొని 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల రేకుల వసారా వేయించాలనుకుంటున్నాము. వాసాల పై కొసలు గోడకు బిగించిన పట్టె మీద, కింది కొసలు రెండు స్తంభాలపై నిలిచే దూలం మీద ఆనతాయి. కప్పు తేలికే కనుక దూలానికి 100×100 మిల్లీమీటర్ల కలప, వాసాలకు 50×100 చాలునని వడ్రంగి గారు చెబుతున్నారు. ఇది సరైనదేనా?

జవాబు: వాసాల విషయంలో ఆయన అంచనా కాస్త తక్కువ, దూలం విషయంలో బాగా తక్కువ. అర మిల్లీమీటరు ఉక్కు రేకు చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. వాసాలు, పట్టీలు కలుపుకున్నా 15 కిలోలకు మించదు. కానీ రేకులు బిగించడానికో, రాలిన ఆకులు ఊడ్చడానికో మనిషి పైకెక్కక తప్పదు కాబట్టి, చదరపు మీటరుకు మరో 75 కిలోలు కలిపి లెక్క వేయడం ఆనవాయితీ. మంచు కురిసే చోట ఆ భారాన్ని విడిగా చూసుకోవాలి.

మొత్తం 90 కిలోలనుకొని, వాసాలను 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అమర్చితే, మధ్యరకం కలపతో (వంగకుండా నిలిచే గట్టిదనానికి కొలత అయిన యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు 9,000 న్యూటన్లు) చేసిన 50×100 వాసం 3 మీటర్ల దూరంలో దాదాపు 15 మిల్లీమీటర్లు వంగుతుంది. ఆధారాల మధ్య దూరంలో 240వ వంతును హద్దుగా పెట్టుకుంటే 12.5 మిల్లీమీటర్లకు మించకూడదు. 50×125 వాడితే కలప నాలుగో వంతే పెరుగుతుంది, వంపు మాత్రం సగానికి, అంటే 8 మిల్లీమీటర్లకు లోపు పడిపోతుంది. వంపును అడ్డుకునే శక్తి వెడల్పుతో సమానంగానే పెరుగుతుంది గాని, లోతు (నిలువు కొలత) రెట్టింపయితే ఎనిమిది రెట్లవుతుంది. వాసాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టడానికి కారణం ఇదే.

దూలం మీద కప్పులో సగం భారం, అంటే మీటరుకు 135 కిలోలు పడుతుంది. సొంత బరువుతో కలిపి 145 కిలోలనుకుందాం. రెండు స్తంభాల నడుమ 4 మీటర్ల దూరంలో 100×100 దూలం 60 మిల్లీమీటర్లకు పైగా కుంగుతుంది, అందులోని ఒత్తిడి కూడా మామూలు కలపకు భద్రమైన హద్దును దాటిపోతుంది. 75×200 దూలమైతే 10 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ కొలత కలప దొరకకపోతే మధ్యలో మూడో స్తంభం నిలపండి: ఆధారాల మధ్య దూరం సగమైతే వంపు పదహారో వంతుకు తగ్గుతుంది కనుక, అప్పుడు వడ్రంగి గారు చెప్పిన 100×100 దూలమే సరిపోతుంది. నన్నడిగితే ఈ రెండో దారే చవక. అయితే ఇవి తొలిరోజు వంపులని గుర్తుంచుకోవాలి. ఎప్పుడూ మీదనే ఉండే బరువు కింద కలప ఏళ్ల తరబడి ఇంకా కుంగుతుంది, పచ్చి కలప మరీ ఎక్కువగా.

తేలికపాటి కప్పుకు అసలు గండం పైనుంచి పడే బరువు కాదు, కిందనుంచి ఎత్తే గాలి. సెకనుకు 40 మీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు సుమారు 98 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. మీ కప్పు బరువు 15 కిలోలే. పక్కలు తెరిచి ఉన్న వసారాలో ఆ ఒత్తిడి రేకులను, వాసాలను కలిపి పైకి లాగుతుంది. వాసాన్ని దూలానికి మేకులతో మాత్రమే కొట్టి వదలకుండా ఇనుప పట్టీలతో, దూలాన్ని స్తంభానికి బోల్టులతో, స్తంభాన్ని బరువైన పునాదికి కట్టుదిట్టంగా బిగించాలి. గాలివానల తాకిడి ఎక్కువగా ఉండే చోట ఈ బిగింపులను ఇంజనీరు చేత లెక్క కట్టించడం తప్పనిసరి.

ప్రశ్న: 200 మిల్లీమీటర్ల లోతు దుంగ లేకపోతే, రెండు 100×100 దూలాలను ఒకదానిపై ఒకటి పేర్చవచ్చునా?

జవాబు: పేర్చినంత మాత్రాన ఒకే దూలంగా పనిచేయవు. వంగేటప్పుడు రెండూ ఒకదానిపై ఒకటి జారుతాయి కాబట్టి వాటి గట్టిదనం ఒక్కదానికి రెండింతలే అవుతుంది, ఎనిమిదింతలు కాదు. దానికి బదులు 200 మిల్లీమీటర్ల లోతు గల సన్నని పలకలు రెండు పక్కపక్కనే నిలిపి బోల్టులతో బిగించండి. కలిసి వాటి మొత్తం వెడల్పు గల ఒకే దూలమంత పని చేస్తాయి. పలకల కింది అంచున, ముఖ్యంగా నడిమధ్య భాగంలో, పెద్ద ముడులు గాని గాట్లు గాని లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే లాగుడు బలం అక్కడే అత్యధికం.