కంబాలకొండ దీవి అయిపోతోందా?

ప్రశ్న: మా డాబా ఎక్కితే విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవి కనిపిస్తుంది. వానలు పడ్డాక ఎంత పచ్చగా ఉంటుందో! చెట్లు ఎవరూ కొట్టడం లేదు కదా, మరి అక్కడి జంతువుల గురించి ఇంత టెన్షన్ ఎందుకు?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: పచ్చగా ఉన్నదంతా అడవి కాదండీ. ఈసారి వెళ్లినప్పుడు బాట పక్కన ఆగి చూడండి. నడుము ఎత్తు పొదలు, ఒకే గుత్తిలో పసుపు, గులాబీ రంగు పూలు, ఆకు నలిపితే ఘాటైన వాసన. అది లాంటానా, కొన్నిచోట్ల తలంబ్రాల చెట్టు అంటారు. అమెరికా ఖండాల మొక్క, బ్రిటిష్ వాళ్ల కాలంలో తోటల్లో అందానికని తెచ్చారు. దాని నల్లటి పళ్లు పక్షులు తిని ఊరంతా గింజలు చల్లుతాయి, ఆకు విషం కాబట్టి పశువులు పెద్దగా ముట్టవు, ఇక దానికి అడ్డేముంది? ఆ పొద కింద మన అడవి చెట్ల మొలకలు పైకి లేవడం చాలా కష్టం. మీ డాబా మీంచి చూస్తే అదీ పచ్చగానే కనిపిస్తుంది.

నాకు అంతకంటే దిగులు ఇంకొకటుంది, ఈ అడవి మిగతా అడవుల నుంచి తెగిపోయి దీవిలా మిగిలిపోతుందేమోనని. అలా అయితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కట్టినప్పుడు, 1913 ప్రాంతంలో, చుట్టూ అడవి మునిగిపోయి ఒక కొండ పైభాగం మాత్రం దీవిలా మిగిలింది. పేరు బారో కొలరాడో, సుమారు 15 చదరపు కిలోమీటర్లు. 1923లోనే దాన్ని రక్షిత ప్రాంతం చేశారు, అడవి అలాగే ఉంది, అయినా పదుల సంఖ్యలో పక్షి జాతులు ఒక్కొక్కటిగా అక్కడ కనబడకుండా పోయాయి. నేల మీదా పొదల్లోనూ తిరిగే చిన్న పక్షులు అంత నీటిని దాటి ఎగరలేవు. ఒక ఏడు వానలు తప్పి నాలుగు జంటలు పోయాయంటే, ఆ ఖాళీలోకి బయటినుంచి కొత్తవి వచ్చే దారే లేదు.

మన కంబాలకొండ 71 చదరపు కిలోమీటర్లు. చుట్టూ నీళ్లు లేవు, హైవే ఉంది, లేఅవుట్లు ఉన్నాయి, ప్రహరీ గోడలు ఉన్నాయి. చిరుతకైనా, ఒంటినిండా పొలుసులుండే అలుగుకైనా అవి నీళ్లతో సమానమే. అందుకే కొండకీ కొండకీ మధ్య మిగిలిన ఆ కాస్త తుప్పల దారిని కూడా ప్లాట్లు వేసి అమ్మేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ప్రశ్న: మా డిగ్రీ సిలబస్‌లో జీవభౌగోళిక శాస్త్రం ఉంది. ఒక్క ఉదాహరణతో అర్థమయ్యేలా చెప్పగలరా?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: బంగారు బల్లిని తీసుకో బాబూ. తూర్పు కనుమల్లో, తిరుమల కొండల్లాంటి చోట్ల, రాతి పగుళ్లలో ఉంటుంది. గుడ్లు రాతికే అంటించి పెడుతుంది. దాని ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, ఉన్నవి రెండే జాతులు, ఒకటి ఇది, రెండోది శ్రీలంకలో. బల్లి సముద్రం ఈదదు కదా, మరి ఎలా? సముద్ర మట్టం బాగా తగ్గిన కాలాల్లో ఇక్కడికీ శ్రీలంకకీ మధ్య నేల తేలి ఉండేది. ఏ జీవి ఎక్కడుంది, అక్కడే ఎందుకుంది, పక్క కొండ మీద ఎందుకు లేదు అని అడగడమే ఆ శాస్త్రం.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో తాబేళ్ల సీజన్‌లో లైట్లు తగ్గించమంటారు, ఎందుకు?
– బీచ్ రోడ్డు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆలివ్ రిడ్లే తాబేలు ఒక్కసారికి వంద వరకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి వెలుగున్న వైపు పాకుతాయి. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రానిదే. ఇప్పుడు రోడ్డుది. అటు వెళితే తెల్లారేసరికి కాకులూ కుక్కలూ ఒక్కదాన్నీ మిగల్చవు. కనిపిస్తే ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకండి, టార్చి ఆపేయండి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి, వాళ్లు వచ్చేదాకా కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి.