పరంజా మీది నుంచి పడ్డ మనిషికి నడుము కూడా చూపించాలి

చెల్లెమ్మా, ఒడిశాలోని బరంపురంలో రెండో అంతస్తు పరంజా మీది నుంచి పడి మీ ఆయన మడమ ఎముక విరిగిందనీ, కట్టు వేయించినా నడుము నొప్పి తగ్గలేదనీ, మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, పేరు లేదని మేస్త్రీ తప్పించుకుంటున్నాడనీ రాశారు.

ముందు నడుము సంగతి. ఎత్తు నుంచి కాళ్ల మీద పడితే ఆ దెబ్బ మడమతో ఆగదు, వెన్నుపూస దాకా పాకుతుంది. ఇలా మడమ విరిగిన పదిమందిలో సుమారు ఒకరికి వెన్ను కూడా దెబ్బతింటుంది. రేపే ఎక్స్‌రే తీయించండి. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా రేపటిదాకా ఆగకండి. కూర్చోబెట్టకుండా, పడుకోబెట్టే ఎం.కె.సి.జి. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మస్టర్‌లో పేరు లేకపోతే హక్కు పోదు. పనిలో గాయపడిన కూలీకి యజమాని పరిహారం ఇవ్వాలన్నది 1923 చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. మేస్త్రీకి పని అప్పగించిన పెద్ద కాంట్రాక్టరునూ అడగవచ్చు. తోటి కూలీల సాక్ష్యం చెల్లుతుంది.

ఆసుపత్రి చీటీలో ఏం రాశారో ఇప్పుడే చూడండి. మా అన్నయ్య పడ్డప్పుడు మేస్త్రీ మాట విని ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని రాయించాం. ఆ ఒక్క వాక్యం మమ్మల్ని ఏడాది తిప్పింది. పరంజా వెదుళ్లు విప్పేయకముందే, తెగిన కొబ్బరి తాడు ముడి దగ్గరగా కనిపించేలా ఫొటో తీయించి, జిల్లా కార్మిక కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. ఒడియాలో రాయడానికి ఎవరూ లేకపోతే చెప్పండి, నేను రాసిస్తాను.