పౌలుస్ బల్ల మీది కాగితాలు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ నవల మూడు రాత్రుల్లో చదివాను. వాక్యం నీకు లొంగింది, సంతోషం. కానీ పదకొండో అధ్యాయం దగ్గర నిజంగా కోపం వచ్చింది. 1943 జనవరి 30న స్టాలిన్‌గ్రాద్‌లో, ఉనివెర్మాగ్ అనే పెద్ద దుకాణం కింది నేలమాళిగలో, రష్యన్ల ముట్టడిలో చిక్కిన జర్మన్ ఆరో సైన్యం సేనాధిపతి ఫ్రీడ్రిక్ పౌలుస్‌కి ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చినట్టు రేడియోలో కబురందింది. అప్పుడు "అతని కళ్లలో వీరుడి తేజస్సు మెరిసింది" అని రాశావు. ఫీల్డ్ మార్షల్ అయినవాడు శత్రువుకి చిక్కకూడదు, కాల్చుకుని చావాలి అన్నదే హిట్లర్ ఉద్దేశం. ఆ సంగతి అంతకుముందు పేజీలో నువ్వే చెప్పావు. చావమని వచ్చిన కబురుకి తేజస్సు ఎలా మెరుస్తుంది, చెప్పు? మర్నాడే లొంగిపోయాడు కదా.

పౌలుస్‌ని నువ్వు గుర్రమెక్కించావు. అతను బల్ల దగ్గర మనిషి. 1942 జనవరిలో ఆరో సైన్యం చేతికి వచ్చేనాటికి అతను యుద్ధంలో వేలమంది సైనికులుండే ఒక్క డివిజన్‌ని కూడా నడపలేదు. 1940 సెప్టెంబరు నుంచి జర్మన్ సైన్యం ప్రధాన కార్యాలయ అధిపతి హాల్డర్ కింద కూర్చుని రష్యా మీద దాడికి ప్రణాళిక వేశాడు. ఎన్ని డివిజన్లు, ఎన్ని మైళ్లు, ఎంత పెట్రోలు అని లెక్కలు కట్టాడు. అతని యుద్ధమంతా కాగితాల మీద నడిచింది. సేనాధిపతి కథ రాసేవాడు అతను సంతకం పెట్టిన కాగితాల వెంట, పెట్టని కాగితాల వెంట నడవాలి. ముప్పై ఏళ్లుగా ఈ మాట చెబుతున్నాను, ఇంకా చెబుతాను.

ఇంకొకటి. నీ నవలలో ఆరో సైన్యం పౌలుస్‌తో పాటే పుట్టినట్టుంది. అంతకుముందు అది రైచెనావ్ అనే సేనాధిపతి చేతిలో ఉంది. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ పక్కన బాబీ యార్ లోయలో 33,771 మంది యూదుల్ని జర్మన్లు కాల్చి చంపారు. వాళ్లని రమ్మంటూ ఊరంతా అంటించిన పోస్టర్లు అచ్చయింది ఆరో సైన్యం ప్రెస్సులోనే. పౌలుస్ అప్పుడు అక్కడ లేడు, నిజమే. కానీ అతని చేతికొచ్చింది ఆ సైన్యమే. ఒక్క పేజీ అయినా దానికి ఇవ్వాలనిపించలేదా?

నా సంగతి చెబుతాను. వయసులో ఉన్నప్పుడు బొబ్బిలి యుద్ధం మీద నవల రాశాను. ఫిరంగులు లాగడానికి ఎడ్లు ఎవరి దొడ్లోంచి పోయాయి, ఎడ్లు పోయిన రైతు ఆ ఏడు ఎలా దున్నుకున్నాడు అని అందులో ఒక అధ్యాయం. ఒక వారపత్రిక ఎడిటర్ దాన్ని మొత్తం కొట్టేసి, పాపారాయుడి కత్తి మీద ఇంకో రెండు పేజీలు కావాలన్నాడు. ఇంటి అద్దె బాకీ ఉంది. రాసిచ్చాను. మెచ్చుకుంటూ బోలెడు ఉత్తరాలు వచ్చాయి. కొట్టేసిన పేజీలు ఇల్లు మారినప్పుడు పోయాయి, మళ్లీ రాద్దామంటే రాలేదు. ఇప్పటికీ ఆ ఎడిటర్‌ని క్షమించలేదు. ఈనాటి పబ్లిషర్లూ అంతే, అట్ట మీద ట్యాంకు బొమ్మ ఉంటే చాలంటారు.

నీ దగ్గర అలాంటి అధ్యాయం ఒకటి ఉంది, నువ్వు గమనించలేదు. 1943 జనవరి 8. లొంగిపోతే తిండి, వైద్యం ఇస్తామని రష్యన్లు కాగితం పంపారు. ముట్టడి లోపలున్న జర్మన్లకి విమానాల్లో రోజుకి కనీసం 300 టన్నులు రావాలి, సగటున వంద టన్నులు వచ్చాయి. గుర్రాల్ని కోసుకు తింటున్నారు. పౌలుస్ ఒప్పుకోలేదు. పైనుంచి అనుమతి లేదు. లొంగుబాటుకి ఇంకా మూడు వారాలు పైనే పట్టింది. దాదాపు 91,000 మంది బందీలయ్యారు, ఇళ్లకి చేరినవాళ్లు ఐదారు వేలు. దీన్ని నువ్వు నాలుగు వాక్యాల్లో దాటేశావు! ఆ కాగితం వచ్చిన రోజు ఒక సిపాయికి ఎన్ని గ్రాముల రొట్టె దొరికిందో కనుక్కుని, అక్కడ కూర్చుని రాయి.

1946లో నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో పౌలుసే సాక్షిగా నిలబడి, తాను వేసిన ప్రణాళిక గురించి చెప్పాడు. ఆ ఘట్టం నీ నవలలో అసలు లేదు.

పబ్లిషర్ గురించి, ముందుమాట గురించి అడిగావు. ఇప్పుడు కాదు. ముందు జనవరి 8 తిరగరాసి పంపు. నా కళ్లకి చిన్న అక్షరాలు ఆనడం లేదు, కాస్త పెద్దగా రాయించు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య