టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు ఒక్కసారి కూడా గెలవకుండానే పేరు తెచ్చుకున్న పాతకాలం సైక్లిస్ట్ ఎవరైనా ఉన్నారా?

ఉన్నాడండి, ఎజెన్ క్రిస్టోఫ్. 1885లో పారిస్ పక్కనే మలకాఫ్‌లో పుట్టాడు, రేసుల్లోకి రాకముందు తాళాలు చేసే పని నేర్చుకున్నాడు, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి తర్వాత పనికొస్తుంది. 1910లో ఇటలీలో జరిగే మిలాన్-సాన్‌రెమో రేసు మంచులో తడుస్తూ గెలిచాడు, ఆ రోజు చివరిదాకా వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నేను తులూజ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు వీకెండ్ వస్తే సైకిల్ ట్రైన్‌లో వేసుకుని పిరెనీస్ కొండల వైపు పోయేవాణ్ణి. అక్కడ తూర్మలే కనుమ కింద సెంట్ మరీ ద కంపాన్ అని చిన్న ఊరు, అందులో ఈయన పేరుతో గోడకి ఒక పలక ఉంటుంది, నాకు ఈ పిచ్చి పట్టింది అది చదివాకే.

1913 టూర్‌లో బయోన్ నుంచి లూషాన్, 326 కిలోమీటర్ల స్టేజ్, అంటే టూర్‌లో ఒక రోజు తొక్కే భాగం. తూర్మలే దిగుతుంటే ముందు ఫోర్కు, అదే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కొమ్ములు, విరిగింది. బయటివాళ్ల సాయం తీసుకోకూడదు, రిపేరు ఎవరిది వాళ్లే చేసుకోవాలి, అదీ అప్పటి రూలు. ఈయన సైకిల్ భుజానేసుకుని పది కిలోమీటర్ల పైనే నడిచి ఆ ఊరికొచ్చి, కమ్మరి కొలిమిలో తనే ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి ఫోర్కు అతికించుకున్నాడు, తాళాల పని నేర్చినవాడు కాబట్టి చేతనైంది. రేసు అఫీషియల్స్ పక్కనే నిలబడి చూస్తూనే ఉన్నారు. కొలిమి తిత్తి ఒక పిల్లాడు ఊదాడని పది నిమిషాలు పెనాల్టీ వేశారు! తర్వాత మూడుకి తగ్గించార్లెండి, కానీ అప్పటికే గంటలకి గంటలు పోయాయి. చివరికి ఏడో ప్లేసు.

అందరూ ఈ ఫోర్కు కథే చెప్తారు గానీ నా లెక్కలో ఈయనకి అసలు అన్యాయం 1912లో జరిగింది. వరసగా మూడు స్టేజ్‌లు గెలిచాడు, అందులో గ్రెనోబుల్‌కి చేరినప్పుడైతే 315 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు. కానీ అప్పట్లో టైమ్ కాదు, ఎన్నో ప్లేసులో వచ్చారన్నదాన్ని బట్టి ఇచ్చే పాయింట్లే లెక్క, నిమిషం ముందొచ్చినా గంట ముందొచ్చినా ఒకటే. బెల్జియం ఆయన ఒడీల్ డెఫ్రాయ్ గెలిచాడు, ఈయన సెకండ్. తర్వాతి ఏడాదే మళ్లీ టైమ్ పద్ధతికి మారిపోయారు, మరి ఆ బుద్ధి ఒక్క ఏడాది ముందు రావచ్చు కదా.

1919లో గ్రెనోబుల్‌లో టూర్ చరిత్రలో మొట్టమొదటి పసుపు జెర్సీ, అంటే మొత్తం మీద ముందున్నవాడు వేసుకునే చొక్కా, ఈయనకే ఇచ్చారు, జనం కానరీ పిట్ట అని ఏడిపించారట. లీడ్‌లో ఉండగా చివరి నుంచి రెండో స్టేజ్‌లో వాలెన్సియన్ దగ్గర మళ్లీ ఫోర్కే విరిగింది! ఫిర్మాన్ లాంబో గెలిచాడు, ఈయన మూడో ప్లేసు. అభిమానులు ఊరుకోలేక చందాలు వేసి 13 వేల ఫ్రాంకులు పైనే పోగేసి ఇచ్చారు. 1922లో ఆల్ప్స్‌లోని గాలిబియే కనుమ దగ్గర ఇంకోసారి విరిగింది, ఇక ఏమంటాం.

ఎప్పుడైనా అటు వెళ్తే తూర్మలే సెంట్ మరీ వైపు నుంచే ఎక్కండి, 17 కిలోమీటర్లు. మొదటి నాలుగైదు హాయిగా పోతాయి, అక్కడే ఊపు మీద తొక్కేస్తే పైన లా మోంజీ అనే ఊరు వచ్చేసరికి కాళ్లు చచ్చుబడిపోతాయి. నీళ్లు కిందే నింపుకోండి.