పాపా, ఆ ఫాగ్ లైటు నువ్వే మార్చుకోవచ్చు

పాపా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. క్లీనర్ సైడు, అంటే ఎడమవైపు ఫాగ్ లైటు అద్దం మధ్యలో నెర్రె ఇచ్చింది, కింద మూలలో ఒక ముక్క ఊడి పడిపోయింది. ముందు టిప్పర్ పోతుంటే రాయి ఎగిరొచ్చి తగిలిందన్నావు, చూస్తే అచ్చం అట్లాంటి దెబ్బే. ఇప్పుడే మార్చాలా, నేనే మార్చుకోగలనా అని అడిగావు కదా. రెంటికీ అవుననే చెప్తాను. డిపో గ్యారేజీలో ఇన్నేళ్లు పనిచేసినవాణ్ణి, చేతకాని పని నీ నెత్తిన పెట్టను.

అనంతపురంలో మంచు ఎక్కడుంది పెద్దనాయనా, ఉండేదంతా ఎండే కదా అన్నావు. ఊళ్లో లేదు, నిజమే. కానీ నువ్వు ఆఫీసు పని మీద తెల్లవారుజామున మూడు గంటలకే లేచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు బండి తోలుకుని పోయే మనిషివి. డిసెంబరు, జనవరి నెలల్లో బాగేపల్లి దాటి చిక్కబళ్లాపురం, నంది కొండల వైపు పోయేకొద్దీ హైవే మీద పొగమంచు ఎట్లా కమ్ముకుంటుందో నువ్వే ఒకసారి చెప్పావు, ముందున్న లారీ వెనక లైట్లు కూడా దాదాపు దాని మీదికి పోయేదాకా కనపడలేదని. మంచంటే గాలిలో తేలే సన్నని నీటి చుక్కలే, వాటి మీద హై బీమ్ కొడితే వెలుతురంతా తిరిగి మన కళ్లలోకే వస్తుంది, ఎదురుగా తెల్లగుడ్డ కట్టినట్టు ఉంటుంది. ఫాగ్ లైటును బంపర్‌లో అంత కిందికి పెట్టింది అందుకే. వెలుతురు పైకి లేవకుండా నేల మీద వెడల్పుగా పరుచుకుంటే రోడ్డు అంచు, తెల్లగీత కనపడతాయి. మీ అత్తగారి ఊరికి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో వాన పడిన రోజు కూడా అదే అవసరం. అక్కడ పాలకోవాకు ఆగడం గుర్తుంటుంది గానీ, ఆ మలుపుల్లో లైట్లు ఎంత పనిచేశాయో ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి, పగిలిన అద్దంలోంచి నీళ్లు పోతే వెలిగి కాలుతున్న బల్బు ఠప్పున పగులుతుంది, వెలుతురును ముందుకు తిప్పే లోపలి గిన్నె, అదే రిఫ్లెక్టర్, మెరుపు పోతుంది, పిన్నులకు చిలుము పడుతుంది. కొత్తది తెచ్చేదాకా పైన ప్లాస్టర్ టేపు అంటించి, ఆ లైటు వెయ్యకుండా పెట్టు.

కొనేటప్పుడు జాగ్రత్త. స్పేర్ పార్టుల షాపులో బండి పేరు ఒక్కటీ చెప్తే సరిపోదు, ఏ సంవత్సరం మోడలో, ఏ వేరియంటో చెప్పు, ఆర్‌సీ ఫోటో చూపించు. ఎడమదానికి ఎల్‌హెచ్ అని, కుడిదానికి ఆర్‌హెచ్ అని ఉంటుంది, నీకు కావాల్సింది ఎల్‌హెచ్. అద్దం ఒక్కటే విడిగా అమ్మరు, అద్దం, డబ్బా కలిసిన మొత్తం అసెంబ్లీ కొనాల్సిందే. డబ్బా అక్కడే విప్పించి, బిగించే చెవులు విరిగి ఉన్నాయేమో చూసుకో. బల్బు నంబరు దాని అడుగున అచ్చు వేసి ఉంటుంది, అది మాత్రం మార్చకు. హెచ్8 అయితే 35 వాట్లు, హెచ్11 అయితే 55 వాట్లు, హెచ్16 అయితే 19. చూడ్డానికి అన్నీ ఒకే తీరుగా ఉంటాయి, అయినా ఒకదాని చోట ఇంకోటి పెట్టకూడదు. షాపువాడు ఎక్కువ వెలుతురు వస్తుందని పెద్ద బల్బు ఇవ్వబోతాడు, తీసుకోకు. మా పాత కారుకు ఒకచోట 100 వాట్ల బల్బులు వేయించుకున్నాను, నెల తిరక్కుండానే గుత్తి దగ్గర కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. బండి పక్కకు ఆపి చూస్తే హోల్డర్ మెత్తబడి బల్బుకు అతుక్కుపోయి ఉంది, వైరు తొడుగు బుడగలెత్తింది. ఇంకో పది కిలోమీటర్లు పోయుంటే మంటే లేచేది. మీ పెద్దమ్మ, పిల్లలు వెనక సీట్లో ఉన్నారు ఆ రోజు. హాలోజన్ డబ్బాలో ఎల్ఈడీ బల్బు దూర్చడం కూడా నాకు ఇష్టం లేదు, ఆ రిఫ్లెక్టర్ దాని కోసం చేసింది కాదు, వెలుతురు చెదిరి ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది.

లైటుతోబాటు, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ లైనింగ్‌ను పట్టి ఉంచే క్లిప్పులు ఒక అరడజను కొనుక్కో. మన ఎండలకు అవి పెళుసెక్కి ఉంటాయి, ఎంత మెల్లగా తీసినా ఒకటో రెండో విరుగుతాయి.

విప్పకముందే ఒక పని ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. రాత్రిపూట చదునుగా ఉన్న చోట, టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, గోడకు ఎదురుగా ఓ పాతిక అడుగుల దూరంలో బండి ఆపి ఫాగ్ లైట్లు వెయ్యి. ఈ రెండు నిమిషాలకు ఎడమది వెలిగినా ఏమీ కాదు. బాగున్న కుడి లైటు వెలుతురు పైఅంచు గోడ మీద ఎక్కడ తెగిందో అక్కడ సుద్దముక్కతో అడ్డంగా పొడుగు గీత గియ్యి, బండి నిలిపిన చోట టైర్ల దగ్గర కూడా గుర్తు పెట్టు. ఆ గీతే రేపు నీ కొలత. అప్పుడే ఎడమది అసలు వెలుగుతుందో లేదో కూడా తేలిపోతుంది. రెండూ వెలగకపోతే తప్పు ఫ్యూజులోనో, లైటుకు కరెంటు కలిపే రిలేలోనో ఉంటుంది, పార్కింగ్ లైట్లు వెయ్యకపోయినా చాలా బండ్లలో ఫాగ్ వెలగదు, అది చూసుకుని తర్వాత భయపడు.

ఇక విప్పడం. ఎండ కాస్త ఎక్కాక, పది గంటలప్పుడు మొదలుపెట్టు, చలికాలం తెల్లవారుజామున ప్లాస్టిక్ బిరుసుగా ఉండి తొందరగా విరుగుతుంది. ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక టైర్లకు రాళ్లు పెట్టు. జాకీ అవసరం లేదు, జాకీ ఒక్కదాని మీద నిలబడిన బండి కింద తల పెట్టే పని ఎప్పుడూ చెయ్యొద్దు. నీది ఎడమ లైటు కాబట్టి స్టీరింగ్‌ను కుడికి పూర్తిగా తిప్పు, టైరు ముందు భాగం లోపలికి పోయి, మడ్‌గార్డు లోపలి నల్ల లైనింగ్ చేతికి అందుతుంది.

ఆ క్లిప్పుల దగ్గరే ఓపిక కావాలి. దగ్గరగా చూస్తే క్లిప్పు మధ్యలో ఇంకో చిన్న బొడిపె ఉంటుంది, ముందు అది బయటికి రావాలి, దాని తర్వాతే క్లిప్పు వస్తుంది. సన్నని మైనస్ స్క్రూడ్రైవర్ మొన దాని అంచు కింద పెట్టి ఒకవైపు కొంచెం, ఇంకోవైపు కొంచెం లేపు. ఆ సందులో ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో గీకి రెండు చుక్కల నీళ్లు వేసి ఒక నిమిషం ఆగితే తనే వదులవుతుంది. బొడిపె తీయకుండా మొత్తం పట్టుకుని లాగితే లైనింగ్ బెజ్జమే చిరుగుతుంది. బంపర్ అంచున ఒకటి రెండు స్టార్ స్క్రూలో, పది నంబరు బోల్టులో ఉంటాయి, తీసినవన్నీ ఒక స్టీలు గిన్నెలో వెయ్యి. లైనింగ్ మొత్తం ఊడదీయక్కర్లేదు, ముందు సగం వెనక్కి వంచితే చాలు. కొన్ని బండ్లకు ఇదేమీ లేదు, ముందువైపు లైటు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేము లాగితే వచ్చేస్తుంది, నీది ఏ రకమో ముందే చూసుకో.

లోపల చెయ్యి పెడితే లైటు వెనక కప్లర్, అంటే వైర్లను లైటుకు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు, తగులుతుంది. దాని లాక్ వేలితో నొక్కి పట్టి కప్లర్‌నే లాగు, వైరు పట్టుకుని లాగకు. తర్వాత స్క్రూలు మూడో నాలుగో, అవి విప్పితే పాత డబ్బా చేతికొస్తుంది.

బల్బు గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. మన చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో అడుగు పట్టుకుని పెట్టు, పొరపాటున తగిలితే మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వు. హోల్డర్‌లో పెట్టి గడియారం ముల్లు తిరిగేవైపు పావు వంతు తిప్పితే కూర్చుంటుంది. దాని రబ్బరు రింగు మడత పడకుండా చూడు, దుమ్మూ నీళ్లూ దూరేది అక్కడే. కప్లర్ టిక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కి, లైనింగ్ మూయకముందే ఒకసారి వెలిగించి చూడు, మూశాక వెలగకపోతే అంతా మళ్లీ విప్పాలి.

లైటు వెలిగినంత మాత్రాన పని అయిపోయిందనుకోకు. ఫోకస్ పైకి ఉంటే మంచులో నీకు కనపడదు, ఎదురొచ్చే బైకువాడికీ కళ్లు చెదురుతాయి. ఆ రాత్రే పాత గుర్తుల మీద బండి నిలిపి, గోడ మీది గీతతో పోల్చు. చాలా బండ్లలో లైటు పక్కనో కిందో సెట్టింగ్ స్క్రూ ఉంటుంది, ఎడమ వెలుతురు పైఅంచు కూడా ఆ గీతకు సరిపోయేదాకా కొంచెం కొంచెం తిప్పు. అసలు ఆ గీతే లైటు నడిమధ్య ఎత్తు కంటే నాలుగు అంగుళాలు కిందికి ఉండాలి, అట్లా లేకపోతే కుడిదాన్ని కూడా దించు.

ఆదివారం మొదలుపెట్టు, నేను ఇంట్లోనే ఉంటాను. లైనింగ్ వెనక్కి వంచాక ఒక ఫోటో పంపు, కప్లర్ లాక్ ఏవైపు ఉందో చూసి చెప్తాను.

మీ పెద్దనాయన