వాక్యంలోని వస్తువును ముందు ఇంట్లో వెతుకు

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు. మే నెలలో మీ సంఘంలో వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు బడి) బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. ముప్పైమంది పిల్లలు, చేతిపనులకు ఐదు వందల రూపాయలు, ఎలా సరిపెట్టాలని అడిగావు. సరిపోతాయి. అందులో కొంత మిగులుతుంది కూడా.

సండే స్కూలు మొదలుపెట్టిన కొత్తలో నేను పట్నం నుంచి రంగు కాగితాలు, మెరుపు పొడి, ముందే కత్తిరించిన సిలువలు కొనుక్కొచ్చేదాన్ని. పిల్లలు బుద్ధిగా అంటించేవారు. అన్నీ ఒకేలా ఉండేవి. వారం తిరిగాక అది ఏ కథకు చేశారని అడిగితే ఒక్కరికీ గుర్తుండేది కాదు. అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. బజారుకు వెళ్లే ముందు ఆ రోజు వాక్యభాగాన్ని పెన్సిలు పట్టుకుని చదువుతాను. చేత్తో పట్టుకోగలిగిన వస్తువు, చేత్తో చేయగలిగిన పని ఏది కనబడినా దాని కింద గీత గీస్తాను. మన తెలుగు బైబిలు మన ఇంటి మాటల్లో మాట్లాడుతుంది. మూర, వడ్లు కొలిచే కుంచం, ఆవగింజ అంటుంది. ఇవి దుకాణంలో కొనవలసినవి కావు.

నోవహు ఓడనే చూడు. ఆదికాండము 6వ అధ్యాయంలో దాని పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని ఉంది. మల్లెపూలు మూర లెక్కన కొనే ఇళ్ల పిల్లలకు మూర అంటే వివరించనక్కరలేదు, మోచెయ్యి చాపుతారు. ఒక సెంటీమీటరును పది మూరలనుకుంటే, పాత అట్టపెట్టెతో 30 సెంటీమీటర్ల పొడవు, 5 వెడల్పు, 3 ఎత్తు ఉన్న ఓడ వస్తుంది. వాళ్ల బడి స్కేలు పొడవు అంతే. బొమ్మల్లో చూసే పొట్టి పడవలా కాకుండా పొడవాటి పెట్టెలా కనబడేసరికి ఆశ్చర్యపోతారు. పక్కన తలుపు, లోపల మూడు అంతస్తులు మరచిపోవద్దు, అవీ వాక్యంలో ఉన్నవే. తర్వాత పది మూరల తాడు, అంటే సుమారు పదిహేను అడుగులది, తీసుకుని అందరినీ వీధిలోకి నడిపించు. ఒక్కో పిల్లవాడు తాడును ఒక్కసారి పరచాలి. ముప్పైమందీ పరిచేసరికి అసలు ఓడ పొడవు పూర్తవుతుంది. మేము చర్చి గుమ్మం దగ్గర మొదలుపెట్టి చెరువుగట్టు దాకా వెళ్లాం. ఆ రోజు వెనక్కి తిరిగి చూసి ఒక్కరూ మాట్లాడలేదు.

తప్పిపోయిన గొర్రెకు దూది అంటించిన బొమ్మలు చేయిస్తారు చాలామంది. ముద్దుగానే ఉంటాయి, కానీ ఆ కథలో ఉన్నది లెక్కపెట్టడం, వెతకడం. అందుకని నేను చింతగింజలు వాడతాను. అష్టాచెమ్మాకు చేసినట్టు ఒక పక్క గచ్చు మీద తెల్లగా అరగదీయించు. పదిమంది ఒక జట్టు, తలా పది గింజలు, వెరసి నూరు గొర్రెలు. కష్టపడి అరగదీసినవి కాబట్టి తన గింజలను ఏ పిల్లవాడైనా గుర్తుపడతాడు. వాళ్లు కళ్లు మూసుకున్నప్పుడు ఒకటి దాచిపెట్టి, లెక్కపెట్టమను. ఒకసారి ఒక అబ్బాయి, "తొంభైతొమ్మిది ఉన్నాయి కదా టీచర్, చాలు" అన్నాడు. పోయిన గింజ ఎవరిదో ఆ పాప మాత్రం అప్పటికే బెంచీల కింద దూరి వెతుకుతోంది. లూకా 15వ అధ్యాయం తెరవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఆవగింజంత విశ్వాసం గురించిన పాఠానికి సగం కొబ్బరిచిప్ప, కొంచెం మట్టి, ఆవగింజలు చాలు. చిప్పకు అడుగున చిల్లు పెట్టించు, లేకపోతే నీరు నిలిచి గింజ కుళ్లిపోతుంది. మొదటి రోజే విత్తిస్తే నాలుగైదు రోజుల్లో రెండాకులు కనబడతాయి. కొన్ని మొలవవు. ఒక పాప చిప్ప మొలవలేదని, ఏడుస్తుందేమోనని భయపడి, ఒక ఏడాది నేను రహస్యంగా నా చిప్పను దాని స్థానంలో పెట్టాను. తన చిప్ప అంచున పగులు ఉండేదని ఆ పాప గుర్తుపట్టింది. విశ్వాసం గురించి చెబుతూ నేను చేసిన ఆ పని ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. నువ్వు అలా చేయవద్దు. మొలవకపోతే ఆ బిడ్డ పక్కన కూర్చుని మళ్లీ విత్తించు.

జిగురు కొనవద్దు, మైదా ఉడికించుకో. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల చేతుల్లోకి రానివ్వకు. ఏ రోజుకారోజు కొంచెంగా చేసుకుంటే చాలు. ఐదేళ్లలోపు వాళ్లకు కత్తెర ఇవ్వకుండా, పాత శుభలేఖలను చేత్తోనే చింపి అంటించమను.

చివరి రోజుకు మత్తయి 5వ అధ్యాయంలోని దీపం ఉంచుకో, దీపం వెలిగించి ఎవరూ కుంచం కింద పెట్టరన్న మాట. ముందురోజు బంకమట్టితో ఎవరి ప్రమిద వాళ్లు చేసి ఆరబెట్టుకోవాలి. కాల్చని మట్టి నూనె పీల్చేస్తుంది కాబట్టి వెలిగించడానికి కొన్న ప్రమిద ఒకటి తెచ్చుకో. కిటికీలు మూయించి, దీపాన్ని నువ్వే వెలిగించి, నువ్వే దాని మీద కుంచం బోర్లించు. వెలుగు కనబడకుండా పోతుందని పిల్లలు అనుకుంటారు. కొంచెంసేపయ్యాక కుంచం ఎత్తితే దీపం ఆరిపోయి ఉంటుంది. ఎందుకని వాళ్లే అడుగుతారు, నువ్వు తొందరపడి చెప్పకు.

మీ ఊళ్లో ఇప్పుడు కుంచం ఎవరింట్లోనూ లేదన్నావు. మా అమ్మ వడ్లు కొలిచిన కుంచం నా దగ్గర ఉంది. వచ్చే ఆదివారం మీ నాన్న వచ్చినప్పుడు పది మూరల తాడుతో పాటు ఇచ్చి పంపుతాను. పని అయ్యాక జాగ్రత్తగా తిరిగి పంపించు, ఇక్కడి పిల్లలకు జూన్‌లో అదే పాఠం ఉంది.

ప్రేమతో,
నీ పెద్దమ్మ